ఆ వంకర కట్ట నాదే

మేకతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికంటే ముందు నింద పడింది దాని మీదే. ఆ మేక మా బావ డ్రమ్ములో నీళ్ళు తాగలేదు. అది తిన్నది కొంత కొబ్బరి పీచు, ఒక గోనెసంచి అంచు, మా అక్క ఆరేసిన లంగా నాడా. ఈ మూడూ నేను కళ్ళారా చూశాను. నీళ్ళ విషయంలో మాత్రం నేను దాని మీద అబద్ధం చెప్పాను. తర్వాత ఆ నింద మేకను వదిలి మా నాయనమ్మ మీదకు పోయింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. ఇప్పటికీ మా వాళ్ళు ఏ పెళ్ళిలోనో కలిస్తే ఆ కథ చెప్పుకుని కడుపుబ్బ నవ్వుతారు. తప్పుగా చెప్పుకుంటారు. ఆ తప్పు సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల మధ్యలో సంగతి. కామాటిపురలో మా చాల్‌కి, అంటే వరస గదుల ఇళ్ళకి, మూడంతస్తులు, అంతస్తుకొక నల్లా, నల్లాకు పొద్దున ఒక గంట నీళ్ళు. మా తాతలు తెలుగు పల్లెల నుంచి ఈ మహానగరంలో ఇళ్ళు కట్టడానికి వచ్చినవాళ్ళు. మా నాయనమ్మ పెళ్ళయిన మర్నాటి నుంచి నడుము వంగేదాకా చేసిన పని ఒకటే, తరాయి. కొత్తగా పోసిన స్లాబు ఎండకు పగలకుండా దాన్ని తడిగా ఉంచడమే తరాయి. స్లాబు మీద మట్టితో చిన్న చిన్న కట్టలు గళ్ళు గళ్ళుగా కట్టి, ఆ గళ్ళలో నీళ్ళు నిలబెడతారు. స్తంభాలకు తడి గోనెసంచులు చుడతారు. నాయనమ్మ కట్టిన కట్ట నూలు పట్టి గీసినట్టు ఉండేదనీ, చుక్క నీరు కారేది కాదనీ మేస్త్రీలు చెప్పుకునేవారు. ఆమె కూడా చెప్పుకునేది, రోజుకు రెండుసార్లు.

పని మానేసినా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఎండినట్టు కనిపించిన దేన్నయినా తడిపేది. కొత్త కుండ, చాప, జ్వరం వచ్చిన పిల్లలు, ఏదైనా సరే. మా బావ పెళ్ళికొడుకుగా మొదటిసారి మా ఇంటికి వచ్చి మే నెల ఎండకు కళ్ళు తిరిగి కూర్చుంటే, ఆయన పట్టు లాల్చీ మీద తడి గోనెసంచి కప్పింది.

"ఉండనీ అల్లుడా, తియ్యకు. పగుల్తవ్."

బావ తియ్యలేదు. ఆయన అలాంటి మనిషి.

అక్కతో మా చాల్‌లోనే కాపురముండే బావ తోటల కాంట్రాక్టరు దగ్గర పైపులు బిగించేవాడు. పెద్ద పెద్ద బంగళాల లాన్లకూ, ఆఫీసుల ముందు పూలమొక్కలకూ నీటి లైన్లు వేసేవాడు. పనంతా ఆయనది, సంతకం ఇంకొకరిది. తన లైను కింద తన సంతకం పెట్టాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకు పరీక్ష ఉంది. రెండుసార్లు రాసి తప్పాడు. మూడోసారి కూడా తప్పితే మళ్ళీ రానివ్వరు.

పరీక్ష పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. బావకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. చాల్‌లో మెట్రిక్ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే, అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పనీపాటా లేదు. సాయంత్రాలు గచ్చి మీద, అంటే మా డాబా మీద, కూర్చుని నేను చదివి చెప్పేవాణ్ణి.

"బావా, ఎక్కువ నీళ్ళు తాగే మొక్కల్ని ఒక లైను మీద, తక్కువ తాగేవాటిని ఇంకో లైను మీద పెట్టాలంట. రెండూ కలపొద్దంట."

"అంటే మన కింది అంతస్తోళ్ళను వేరే పెట్టాలె."

"నీళ్ళు మెల్లగా ఇవ్వాలంట. గబగబా పోస్తే నేల తాగక ముందే పక్కకు కారిపోతాయంట. కొంచెం ఇచ్చి ఆపి, ఇంకినాక మళ్ళీ ఇవ్వాలి."

"పసిపిల్లకు పాలు పట్టినట్టు."

"మధ్యాహ్నం ఎండకు ఆకు వాలితే దాహం అనుకోవద్దంట. సాయంత్రం అదే లేస్తుందంట. దాహమో కాదో తెలియాలంటే మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూడాలి. వేలికి తడి తగిలితే నీళ్ళు పొయ్యొద్దు. తడి ఉండగా పోస్తే వేళ్ళకు ఊపిరాడక మొక్క చస్తుందంట."

"మల్లొకసారి చదువు బామ్మర్ది. గిది మంచిగున్నది."

ఈ చివరి మాట నేను నాలుగుసార్లు చదివాను. అంటే నాకు తెలియక చేశానని చెప్పుకునే దారి లేదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

జవాబులు హిందీలో చెబితే అక్కడి గుమాస్తా రాసిపెట్టేవాడు, అలా రాత పరీక్ష బావ గట్టెక్కాడు. మిగిలింది చేత పరీక్ష. ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు ఒక మడి వేసి, ఒకే ఒక్క డ్రమ్ము నీళ్ళతో పదిహేను రోజులు పచ్చగా ఉంచాలి. రెండు వందల లీటర్ల డ్రమ్ము, మళ్ళీ నింపకూడదు. ఏ రోజు ఎంత నీరు వాడారో నోటుబుక్కులో రాయాలి. పదిహేనో రోజు ఆఫీసు నుంచి ఒక సాహెబ్ వచ్చి మడినీ, డ్రమ్మునీ, నోటుబుక్కునీ చూస్తాడు. ఈలోగా మడిని మార్చకూడదు, కదపకూడదు.

బావ గచ్చి మీద ఇటుకలు పేర్చి, ప్లాస్టిక్ పరిచి, జానెడు ఎత్తున మట్టి పోశాడు. ఒక పక్క బంతి, ఒక పక్క తులసి, మల్లె, చివర చాపంత గడ్డి. డ్రమ్మును రాళ్ళ మీద ఎత్తుగా పెట్టి, అందులోంచి సన్న పైపులు తీసి, కాల్చిన సూదితో వాటికి చిల్లులు పొడిచాడు. నల్లా తిప్పితే ఒక్కో మొక్క మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్ళు పడేవి. మట్టి ఆరిపోకుండా పైన కొబ్బరి పీచు కప్పాడు. చాల్ ఆడవాళ్ళు వచ్చి చూసి, ఇంత నెమ్మదిగా నీళ్ళు పట్టడం మా నల్లా దగ్గర రోజూ చూస్తున్నదే గదా, దీనికి లైసెన్సు ఎందుకన్నారు.

ఆ గచ్చి మీద ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు. పొద్దున్నే ఒక మూల మిరపకాయలు ఆరబోసుకుని కూర్చునే మా నాయనమ్మ ఒకరు. ఆమె ఎండాకాలమంతా దాదాపు అక్కడే గడిపేది, కిందింట్లో గాలాడదని. రెండోది మేక. నాగ్‌పాడా వైపు రేకుల పెట్టెలు చేసే చాచా ఒకాయన దాన్ని పాల కోసం పెంచుతూ, చోటులేక మా గచ్చి మీద కట్టేసేవాడు. పేరుకు కట్టేసేవాడు. దాని మెడలో తాడు ఉండేది, ఆ తాడు రెండో కొస ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో రోజుకు డ్రమ్ములో సరిగ్గా సగం నీళ్ళున్నాయి. బంతి మొగ్గలు వేసింది. ఆ రోజే కాంట్రాక్టరు బావను మూడు రోజుల పనికి లోనావలా పంపాడు. పోయేముందు బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చెయ్యకు. పొద్దుగాల నల్లా తిప్పు, చాయ్ తాగు, చాయ్ అయినంక నల్లా బంద్ చెయ్యి. గంతే. ఇంకేం చెయ్యకుండ ఉండుడే నీ పని."

"అది నాకు బాగా వచ్చు బావా."

"ఎర్కే. గందుకే నీకు చెప్తున్న."

మొదటి రోజు చాయ్ తాగాను, నల్లా కట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పైకి వెళ్ళాను. నాయనమ్మ భోజనానికి కిందికి పోయింది. బంతి ఆకులన్నీ తలలు వాల్చేసి ఉన్నాయి. నాలుగుసార్లు చదివిన మాట గుర్తొచ్చిందా అంటే వచ్చింది. కానీ గుర్తు తలలో ఉంది, చేతులు ముందే డ్రమ్ము మూత తీశాయి. మా వంశంలో ఎండినదాన్ని చూసి ఊరుకున్న చెయ్యి లేదు. ఒక బకెట్టు పోశాను. నీళ్ళు పక్కకు కారిపోతుంటే మనసొప్పలేదు. మట్టి తీసి మడి చుట్టూ కట్ట వేశాను. నడుమ కూడా అడ్డంగా ఒక కట్ట, నిలువుగా ఒక కట్ట. నాలుగు గళ్ళయ్యాయి. నాలుగింటిలోనూ నీళ్ళు నింపాను. మేక పీచు నములుతూ నావైపే చూసింది.

సాయంత్రానికి ఆకులు లేచాయి. వాటంతట అవే లేచేవి, కానీ నేను లేపానని పొంగిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం మళ్ళీ వాలాయి, ఈసారి సాయంత్రం కూడా లేవలేదు. ఇంకా దాహమేమో అనుకుని మూడు బకెట్లు పోసి, మొక్కల మీద తడి గోనెసంచులు కప్పాను. మూడో రోజు పొద్దున సంచులు తీసి చూస్తే బంతి పసుపు పచ్చగా ఉంది. పువ్వు కాదు, ఆకు. భయమేసి, మిగిలిన నీళ్ళన్నీ పోసేశాను. డ్రమ్ము అడుగు కనబడింది. తుప్పు రంగులో, నా ముఖంలాగే ఉంది.

బావ వచ్చే వేళకు గోనెసంచులు దాచేశాను. కట్ట మాత్రం ఎండి గట్టిపడిపోయింది, తియ్యరాలేదు. మేక ఆ పక్కనే నిలబడి ఉంది. ఎప్పటిలాగే పొట్ట ఉబ్బెత్తుగా ఉంది.

బావ డ్రమ్ములోకి తొంగి చూశాడు. "నీళ్ళేవి రా?"

"మేక తాగింది."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందంటే ఒక్క క్షణం నేనే నమ్మాను.

బావ మేకను చూశాడు. మడిని చూశాడు. వంగి మట్టిలో వేలు పెట్టాడు, రెండు కణుపులు. ఆ వేలు తీసి చూసుకున్నాడు. తర్వాత కట్టను చూశాడు, అటు మూలన మిరపకాయలు తిరగేస్తున్న నాయనమ్మను చూశాడు. అక్క, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పైకి వచ్చి ఏమైంది ఏమైంది అని అడిగాక అప్పుడన్నాడు.

"ఏం లేదు. మేక తాగింది."

మెట్ల మీద నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పాడు. "అవ్వ పోసింది రా. కట్ట చూస్తే తెల్వదా? ఎవలకు చెప్పకు. ముసల్ది మనసుల పెట్టుకుంటది."

"చెప్పను బావా," అన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. నా జీవితంలో నేను అంత బాగా నిలబెట్టుకున్న మాట ఇంకోటి లేదు.

సాయంత్రానికల్లా మేకకు టాంకర్ అని పేరు పడింది. చాచాకు కోపం వచ్చింది. నిండు బకెట్టు పట్టుకుని గచ్చి మీదకు వచ్చాడు. చాల్ అంతా చుట్టూ చేరింది.

"అరే భాయ్, బకరీ హై, ఊంట్ నహీ!" మేకరా బాబూ, ఒంటె కాదు అని ఆయన బాధ. "పిలాకే దేఖో!"

తాగించి చూశారు. మేక బకెట్టులో మూతి పెట్టింది, వాసన చూసింది, రెండు గుక్కలు తాగి తుమ్మింది. అంతే. అందరూ నావైపు తిరిగారు, సాక్షిని నేనే కాబట్టి.

"అందరు చూస్తుంటే సిగ్గుపడ్తున్నది," అన్నాను.

జనం ఘొల్లుమన్నారు. చాచా మేకను చంకలో పెట్టుకుని దిగిపోయాడు. ఆ తర్వాత మాకు పాలు పొయ్యలేదు.

పదిహేనో రోజు సాహెబ్ వచ్చాడు. సన్నటి మనిషి, చేతిసంచీ, ముఖానికి చేతిరుమాలు. బంతి సగం పోయింది, తులసి బతికుంది, గడ్డి కుళ్ళిన వాసన వేస్తోంది. నోటుబుక్కులో పదకొండో రోజు దగ్గర బావ తన పెద్ద పెద్ద అక్షరాలతో 'మేక తాగినది' అని రాశాడు. దాని కింద సాక్షిగా నా సంతకం, ఇంగ్లీషులో, కింద గీతతో సహా. సాహెబ్‌కు తెలుగు రాదు. ఏం రాశారో నేనే హిందీలో చదివి చెప్పాల్సి వచ్చింది.

ఆయన చొక్కా చెయ్యి మడిచి, మడిలో వేలు దించాడు. నాలుగు రోజులైనా, అడుగున ప్లాస్టిక్ ఉండడంతో లోపలంతా బురదే. ఆ వేలును బావ ముఖం ముందు పెట్టి హిందీలో అడిగాడు, మేక తాగిన నీళ్ళు మట్టిలోకి ఎలా వచ్చాయని.

బావ నీళ్ళు నమిలాడు. "సాబ్, వో... బకరీ..."

"తాగి, మళ్ళీ ఇక్కడే పోసిందా? సగం డ్రమ్ము?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సాహెబ్ నవ్వలేదు. మొక్కలు చస్తే క్షమిస్తానని, నోటుబుక్కులో అబద్ధం రాసినవాడికి లైసెన్సు ఇవ్వనని చెప్పి సంచీ సర్దుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ తల వంచుకున్నాడు. చెప్పాల్సిన సమయం అదే. నా నాలుక ఎండిపోయింది, దాని మీద ఎవరూ తడి గోనె కప్పలేదు.

మూలలోంచి నాయనమ్మ లేచి వచ్చింది. కారం చేతులు చీరకు తుడుచుకుంటూ సాహెబ్‌కు అడ్డంగా నిలబడింది.

"పానీ మై డాలీ, సాబ్," అంది, నీళ్ళు నేను పోశానని. "దామాద్ కో మాలూమ్ నై," అల్లుడికి తెలియదని. తర్వాత మడి వైపు చూసి, కట్ట మాత్రం నాది కాదని గట్టిగా అంది. "లేకిన్ యే కట్టా మేరా నై!"

సాహెబ్ ఆగాడు. నీళ్ళు నువ్వు పోస్తే కట్ట ఎవరు కట్టారని అడిగాడు.

"కిస్కా భీ హోయింగా. మేరా నై. దేఖో, కైసా టేఢా హై!" ఎవరిదో అయ్యుంటుంది, ఎంత వంకరగా ఉందో చూడమని చీపురుపుల్ల తీసి, నా కట్ట ఎక్కడెక్కడ వంకరపోయిందో, ఏ మూలన నీళ్ళు కారి మరక పడిందో ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. సాహెబ్‌కు అప్పుడు నవ్వొచ్చింది. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు. ముసలమ్మ పోసి, కట్టి, తర్వాత సిగ్గుపడి కట్ట నాది కాదంటోందని వాళ్ళ లెక్క. వాళ్ళు నవ్వుతుంటే నాయనమ్మ ఒక్కసారి నావైపు చూసింది. కోపంగా కాదు. పనికిరాని కూలివాణ్ణి చూసినట్టు చూసింది.

బావకు తెలియకుండా ఇంట్లోవాళ్ళు పోశారు కాబట్టి, పెద్దదాన్ని కాపాడడానికి అబద్ధం రాశాడు కాబట్టి, ఇంకో డ్రమ్ము, ఇంకో పదిహేను రోజులు ఇస్తానన్నాడు సాహెబ్. ఒక్క షరతు. ఆ పదిహేను రోజులూ ముసలమ్మ గచ్చి మీదకు రాకూడదు.

నాయనమ్మ మెట్ల కింద కూర్చుంది. మే నెల. గాలి లేదు. మిరపకాయల చేట కూడా కిందికే వచ్చింది, నీడలో అవి ఎండక మెత్తబడి బూజు పట్టాయి. నేను రోజూ ఆమెను దాటుకుని పైకి పోయేవాణ్ణి.

"పైన ఎట్లున్నది కొడుకా?"

"మంచిగున్నది."

"కట్ట పీకేసిండ్రా?"

"పీకేసిండ్రు."

"మంచి పని చేసిండ్రు."

చెబుదామని మూడుసార్లు ఆమె పక్కన కూర్చున్నాను. మూడుసార్లూ మిరపకాయల ఘాటుకు తుమ్ములొచ్చి లేచిపోయాను. ఘాటు నిజమే, కానీ లేచిపోవాల్సినంత కాదు. క్షమాపణ చెప్పింది మేకకు మాత్రమే. నాగ్‌పాడా దాకా పోయి, రెండు అరటిపండ్ల తొక్కలు ఇచ్చి చెప్పాను. అది తొక్కలు తిని, నా చొక్కా జేబు కూడా తింది.

రెండో పదిహేను రోజులకు బంతి విరగబూసింది. డ్రమ్ములో ఇంకా రెండు బకెట్ల నీళ్ళు మిగిలాయి. సాహెబ్ వేలు దించి తల ఊపాడు. లైసెన్సు కాగితం చేతికి వచ్చిన రోజు బావ దాన్ని అందరికంటే ముందు మెట్ల కిందికే తీసుకుపోయాడు. నాయనమ్మ అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండకు పెట్టకు, పగుల్తది," అంది.

ఆమె మళ్ళీ గచ్చి మీదకు పెద్దగా పోలేదు. పదిహేను రోజుల్లో మోకాళ్ళు మెట్లు మరిచిపోయాయి. తర్వాత అయిదారేళ్ళు బతికింది. ఎవరు ఆ కథ ఎత్తినా ఒకటే మాట. "నీళ్ళు నేనే పోసిన్ననుకోండ్రి. గని గసొంటి కట్ట నేను కడ్తనా?" అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ణి.

మొన్న దాదర్‌లో మా వాళ్ళ పెళ్ళి. బావకు డెబ్భై దగ్గరపడ్డాయి, పని మానేశాడు. హాలు ముందు చిన్న లాను, దాని పైపు గడ్డిని వదిలేసి పేవ్‌మెంటును తడుపుతోంది. బావ చూడలేక పోయి నల్లా కట్టేసి వచ్చి కూర్చున్నాడు. "నల్లాకు తాళం పెట్టుకోరు," అని గొణిగాడు. "నేను చేసిన ప్రతి ఇంట్ల తాళం పెట్టించిన. ముసలోళ్ళ చేతికి చావి ఇయ్యకున్రి అని చెప్పి మరీ వచ్చేటోణ్ణి."

నేను అప్పుడు చెప్పాను. గోనెసంచులతో సహా చెప్పాను.

బావ తడి పేవ్‌మెంటు మీంచి చూపు నావైపు తిప్పాడు. "మరి అవ్వ కట్ట నాది గాదు, నాది గాదు అని మొత్తుకుంటే..."

"నిజమే చెప్పింది బావా."

"ఎన్ని ఇండ్లల్ల ముసలోళ్ళ దగ్గర చావి గుంజుకునేటట్టు చేసిన్రా," అన్నాడు. "ఆ ఇండ్లన్ని తిరిగి చెప్పి రావాలె ఇప్పుడు. ముసలోళ్ళు గాదు, బామ్మర్దులను ఆమడ దూరం పెట్టున్రి అని."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి లైసెన్సు పెట్టుకునే రేకు పెట్టె తీసి ముందు పెట్టుకున్నాడు. అందులో ఆ పాత నోటుబుక్కు, అంచులు మేక కొరికినట్టుగా. పదకొండో రోజు పేజీ తెరిచి, పెన్ను నా చేతిలో పెట్టాడు.

'మేక తాగినది' అన్నదాన్ని కొట్టేశాను. కింద నా సంతకాన్నీ, దాని గీతనూ కొట్టేశాను. పక్కన రాశాను: నీళ్ళు నేను పోశాను. కట్ట నాది.

బావ కళ్ళద్దాలు పెట్టుకుని, అప్పటిలాగే కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరం చదివాడు. తర్వాత పుస్తకం మళ్ళీ నావైపు తోశాడు.

"వంకర అని గూడ రాయి," అన్నాడు.

రాశాను.